శీతభాండ నిర్మాత సర్ జేమ్స్ డ్యూవర్

పైరు పండించుట యొక విద్య. పండిన గింజకు పురుగు పట్టకుండ, తేమ తగులకుండ పాతరలో దాచుట మరియొక విద్య. మొదటి విద్యను లోకము మెచ్చుకొనును. రెండవదానిని ఆకలి వేసిననాడు గాని తలచుకొనదు. గాలిని ద్రవముగా మార్చిన శాస్త్రజ్ఞులు ఐరోపాఖండమున పలువురు కలరు. ఆ ద్రవమును పాత్రలో నిలిపి దాచుట కుపాయము చెప్పినవాడు స్కాట్లండు దేశస్థుడగు జేమ్స్ డ్యూవర్. మన యిండ్లలో కాఫీ చల్లారకుండ పోసియుంచు ఫ్లాస్కు ఆయన పాత్రయే. పశువైద్యశాలలలో ఎద్దుల బీజమును దాచు ద్రవనత్రజని డబ్బాయు, పెద్దాసుపత్రుల ఆవరణలలో నిలువుగా కనబడు తెల్లని ప్రాణవాయువు తొట్టియు ఆ పాత్ర సంతతిలోనివే. ఫ్లాస్కును ఎరుగని యిల్లు మన గ్రామమున లేదు. దాని కర్తను ఎరిగినవారు బహు కొలదిమంది. కావున మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఆయన చరిత్రమును వ్రాయబూనితిని.

డ్యూవర్ 1842వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన స్కాట్లండులో ఫోర్తు నదీతీరమునగల కింకార్డిన్ అను చిన్నయూర జన్మించెను. తండ్రి పూటకూటి సత్రమును నడుపువాడు. ఆరుగురు కుమారులలో జేమ్స్ కడగొట్టువాడు. పదియేండ్ల ప్రాయమున నొక శీతకాలమందు గడ్డకట్టిన నీటిపై నడచుచుండగా మంచుపలక విరిగి నీట మునిగెను. ప్రాణము దక్కినది గాని కీళ్లవాతజ్వరము పట్టి రెండేండ్లు కాలుసేతులు స్వాధీనము తప్పియుండెను. బడికి పోలేని యా దినములలో ఊరి వడ్రంగి యొకడు ఆ బాలునకు ఫిడేలు చేయుట నేర్పెను. పలుచని చెక్కను వంచుట, అతుకు కనబడకుండ అతుకుట, వ్రేలికొనతో నునుపు చూచుట అతని కచటనే పట్టువడెను. తరువాతి కాలమున తన హస్తలాఘవమునకు ఆ వడ్రంగమే మూలమని ఆయన భావించెను. 1854లో అతడు చేసిన ఫిడేలు 1921లో ఆయన వివాహ స్వర్ణోత్సవమునాడు వాయింపబడెను. చలివలన కాళ్లు పోగొట్టుకొనబోయిన బాలుడు చలినే తన జీవితకార్యముగా వరించుట విధివిలాసమని పెద్దలందురు. నేను దానినంత పట్టించుకొనను. వడ్రంగిని మాత్రము మరువరాదు.

పదునైదేండ్లు నిండునప్పటికి తల్లిదండ్రు లిరువురును గతించిరి. డాలర్ విద్యాలయమునను, పిదప ఎడింబరో విశ్వవిద్యాలయమునను చదివి, లయన్ ప్లేఫేర్ అను రసాయనశాస్త్రాచార్యునకు సహాయకు డయ్యెను. 1867లో ఘెంటు నగరమునకు పోయి కెకూలే పండితునికడ కొంతకాలము గడపెను. 1871లో హెలెన్ బ్యాంక్స్ అను నామెను వివాహమాడెను. వారికి సంతానము కలుగలేదు. 1875లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆచార్యపదవియు, 1877లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనున మరియొక ఆచార్యపదవియు లభించెను. ఈ రెండింటిని ఆయన మరణపర్యంతము విడువలేదు. ఐనను మనసంతయు లండనులోనే యుండెను.

ఆ రాయల్ ఇన్‌స్టిట్యూషను మైకేల్ ఫారడే పనిచేసిన చోటు. ఫారడే 1823లో క్లోరీను వాయువును నొక్కి ద్రవముగా చేసెను. తరువాత అనేక వాయువుల నట్లే లొంగదీసెను. కాని ఆమ్లజని, నత్రజని, ఉదజని మొదలగు ఆరు వాయువులు ఎంత నొక్కినను లొంగలేదు. వానికి స్థిరవాయువు లను పేరు వచ్చెను. 1869లో బెల్ఫాస్టునగరపు ఆండ్రూస్ పండితుడు దీని గుట్టు బయలుపెట్టెను. ప్రతి వాయువునకు నొక హద్దు కలదు. ఆ హద్దుకంటె వేడిగా నున్నంతవరకు ఎంత పీడనము పెట్టినను అది ద్రవము కాదు. వంటగ్యాసు సిలిండరులో ద్రవము పీడనముచేతనే నిలిచియుండును, దానికి చలి యక్కరలేదు. ఏలయన మన యెండకాలపు వేడియు దాని హద్దునకు లోబడినదే. ప్రాణవాయువగు ఆమ్లజని యట్లు కాదు. సెంటీగ్రేడు మానమున శూన్యమునకు దిగువ 118 డిగ్రీలకంటె చల్లబడినగాని అది ద్రవము కాదు. మామూలు వాతావరణ పీడనమున ద్రవముగా నిలువవలెనన్నచో 183 డిగ్రీల దిగువకు పోవలెను. నత్రజనికి 196, ఉదజనికి 253. ఆ దిగువనున్న చలికి తుది 273. దానిని మించిన చలి ప్రకృతిలో లేదు.

1877 డిసెంబరులో ఫ్రాన్సున కైయెటే, జెనీవాయందు పిక్టే ఒకరి నొకరు ఎరుగకయే ఆమ్లజనిని క్షణకాలము పొగమంచువలె కంటికి చూపిరి. 1883లో క్రాకోనగరమున వ్రోబ్లెవ్‌స్కీ, ఓల్షెవ్‌స్కీ అను నిరువురు దానిని గొట్టములో మరుగుచున్న ద్రవముగా నిలిపిరి. డ్యూవర్ ఈ వార్తల నన్నింటిని సభలలో ప్రయోగపూర్వకముగా లండను పౌరులకు చూపుచు, తాను స్వయముగా పెద్ద యంత్రములు నిర్మించి, 1891 నాటికి ద్రవ ఆమ్లజనిని చెంబులకొలది తీయగలిగెను.

ఇచట అసలు చిక్కు మొదలయ్యెను. క్షీరసాగరమును మథించినప్పుడు అమృతము పుట్టుటతో కథ ముగియలేదు గదా. కలశము ఎవరిచేత నిలుచునన్నది పిదపి కథ. ద్రవ ఆమ్లజనిని గాజుపాత్రలో పోసినచో అది పెనముమీద నీటివలె సలసల మరగును. దానికి గదిలోని గాలియే కొలిమి. చుట్టునున్న గాలిలోని తేమ పాత్రపై మంచుగా పేరుకొని లోపలిది కనబడనీయదు. కొంతసేపటికి పాత్ర ఖాళీ యగును. ఉన్ని చుట్టినను, ఊక క్రుక్కినను వేడి రాక తగ్గును గాని ఆగదు.

నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను గనుక ఈ సంగతి నాకు జమాఖర్చుల పద్దుగా తోచును. పాత్రలోనికి వచ్చు వేడి జమ. ఆవిరియై పోవు ద్రవము ఖర్చు. ఎంత వేడి జమపడునో అంత ద్రవము తప్పక ఖర్చగును, ఆ పద్దులో పైసా తేడా రాదు. పైగా ఈ ద్రవములు కడు పేదవి. ఒక తులము నీటిని ఆవిరిచేయు వేడి పది తులములకు మించిన ద్రవ ఆమ్లజనిని ఆవిరి చేయును. ద్రవ ఉదజని మరియు పేదది. లీటరు ద్రవము 70 గ్రాములు మాత్రమే తూగును, ఇంచుక వేడికే లీటరు లీటరు మాయమగును. కావున ఖర్చు తగ్గించుటకు వేరుమార్గము లేదు, జమనే కట్టవలెను.

వేడి మూడు త్రోవల వచ్చును. వస్తువు వెంట ప్రాకి వచ్చునది యొకటి, కాలుచున్న పొయ్యిలోని గరిటె కాడ వేడెక్కినట్లు. గాలి కదలికతో మోయబడి వచ్చునది రెండవది. ఏ యాధారమును లేక సూర్యకిరణమువలె దూకివచ్చునది మూడవది. మొదటి రెండింటికిని మధ్యలో పదార్థ ముండవలెను. పదార్థమునే తీసివేసినచో? డ్యూవర్ 1872లోనే వేరొక ప్రయోగములో రెండు గోడల నడుమ గాలి తీసిన పాత్రను వాడియుండెను. ఇరువదియేండ్ల పిదప, 1892లో, ఆ పాతపాత్ర జ్ఞప్తికి వచ్చెను. ఒక గాజుకుండలో మరియొక గాజుకుండ నిలిపి, మూతులు మాత్రము ఒకటిగా కరగించి యతికి, నడుమనున్న గాలిని సాధ్యమైనంత తీసివేయించెను. అట్టి పాత్రలో ద్రవ ఆమ్లజని మరుగుట మాని నిలకడగా నుండెను. వెలుపలి గోడపై మంచు పేరుకొనలేదు. నీలిఛాయగల యా ద్రవమును సభలోనివారు తేటగా చూచిరి.

మూడవ త్రోవ యింకను మిగిలియుండెను. నడుమ ఖాళీలో పాదరసపు టావిరి నింపి చల్లబరచినచో ఆ యావిరి గోడకు పూతవలె అంటుకొని అద్దమువలె మెరయుటయు, అప్పుడు వేడి మరింత తగ్గుటయు ఆయన గమనించెను. అంతట గోడలకు వెండిపూత పూయించెను. దూకివచ్చు కిరణములను అద్దము వెనుకకు త్రిప్పిపంపును. శూన్యముచేత వేడి సుమారు అయిదవ వంతునకును, వెండిపూతతో గూడ సుమారు ముప్పదవ వంతునకును తగ్గినట్లు ఆయన గణన. ముప్పది రూపాయల వృథావ్యయము ఒక రూపాయకు వచ్చెనన్నమాట. 1893 జనవరిలో శుక్రవారపు సభయందు దీనిని లోకమునకు వివరించెను.

ఈ పాత్రనుగూర్చి మన యువకులు తెలిసికొనవలసిన విషయ మొకటి కలదు. ఎంత గొప్ప పాత్రయైనను వేడిని ముప్పదవ వంతునకు తగ్గించునే గాని నిశ్శేషము చేయదు. ఆవిరి పుట్టుచునే యుండును. లీటరు ద్రవ నత్రజని సుమారు 700 లీటర్ల వాయువగును. ఆమ్లజనియైనచో 800 పైచిలుకు. మూతిని బిగించిన యెడల ఆ వాయువంతయు లోపలనే కుదించుకొని పీడనము పెరిగి పాత్ర బాంబువలె ప్రేలును. కావుననే పశువైద్యశాల డబ్బాకు మూత వదులుగా నుండును. ఎవరో అజాగ్రత్తచేత అట్లు వదలిరని తలచి బిగింపరాదు. మూసియుంచు పెద్ద తొట్లకైనచో పీడనము హద్దు మీరగానే తనంతట తెరచుకొను కవాటములు అమర్చుదురు; అట్టివి ఒకటి చెడినను వేరొకటి పనిచేయునట్లు జంటగా నుంచుట వాడుక. లోపలి గోడ పీడనమును భరించునంత మందముగా నుండవలెను. మందమైనకొలది దానివెంట ప్రాకు వేడియు హెచ్చును. ఈ రెంటికి పొత్తు కుదుర్చుటలోనే శీతభాండ నిర్మాత నేర్పంతయు కలదు.

డ్యూవర్ ఈ పాత్రపై హక్కుపత్రము తీసికొనలేదు. శాస్త్రజ్ఞులకు పనికివచ్చు పనిముట్టుగనే దాని నెంచెను. పాలు, తేనీరు వెచ్చగా నుంచుట కది పనికివచ్చునని కనిపెట్టినవారు జర్మనీలోని గాజుపనివారు. బెర్లిను నగరపు రైన్‌హోల్డ్ బర్గర్ 1903లో తన రూపమునకు హక్కుపత్రము పొందెను. 1904 మొదలు థెర్మోస్ అను పేర అమ్మకము సాగెను. డ్యూవర్ న్యాయస్థానమున పోరాడినను ఫలము దక్కలేదు. ఇందొక చిత్రము కలదు. హక్కుపత్రమన నేమో ఎరుగని యమాయకుడు కాడాయన. 1889లో ఫ్రెడరిక్ ఏబెల్‌తో కలిసి కార్డైటు అను పొగరాని తుపాకిమందునకు హక్కుపత్రము పొందినవాడే. దానిపై ఆల్‌ఫ్రెడ్ నోబెల్ పక్షమువారు వ్యాజ్యమాడి 1895లో అత్యున్నత న్యాయస్థానమున ఓడిపోయిరి. మనుష్యులను చంపు మందునకు పత్రము వ్రాయించినవాడు పాలు వెచ్చగా నుంచు పాత్రకు వ్రాయించకపోయెను.

తన పాత్ర చేతికి వచ్చినపిదప డ్యూవర్ ఉదజనిపై దండెత్తెను. ఆ వాయువును 180 వాతావరణముల పీడనమునకు నొక్కి, శూన్యమునకు దిగువ 205 డిగ్రీలకు చల్లబరచి, సన్నని రంధ్రము గుండ వెండిపూత పూసిన తన శూన్యపాత్రలోనికి విడిచెను. 1898 మే 10వ తేదీన పాత్ర యడుగున తేటనీటివంటి ద్రవము నిలిచెను. అయిదు నిమిషములలో 20 ఘనసెంటీమీటర్లు. అంతలో ఉదజనిలో కలిసియున్న కొద్దిపాటి గాలి గడ్డకట్టి రంధ్రమును మూసివైచెను. ఆ కొద్ది ద్రవమే చాలెను. స్థిరవాయువు లనబడిన యారింటిలో కడపటిది లొంగెను. మరుసటి యేడు దానిని గడ్డగా గూడ చేసెను. ఈ విజయములకు మూల్యము చెల్లించినవారు వేరే కలరు. పీడనముతోడి ప్రయోగములలో ప్రేలుళ్లు సంభవించి, ఆయన సహాయకు లిరువురు చెరియొక కన్ను పోగొట్టుకొనిరి. ఐనను వారాయనను విడిచిపోలేదు. చరిత్రకారులు ఈ సంగతిని ఒక పంక్తిలో ముగించుట నాకు కష్టముగా తోచును.

మిగిలినది హీలియము. 1895లో దానిని భూమిపై కనుగొన్నవాడు విలియం రామ్‌సే. అతడును స్కాట్లండువాడే, అతని ప్రయోగశాలయు లండనులోనే. ఒకరికి హీలియము నెట్లు రాబట్టవలెనో తెలియును, మరియొకరికి చలి నెట్లు పుట్టింపవలెనో తెలియును. ఇరువురును కూడియున్నచో పని చక్కబడెడిది. కాని వారికి పరమవైరము. డ్యూవర్ ఉదజనిని ప్రకటింపగా ఓల్షెవ్‌స్కీ దానిని ముందే సాధించెనని రామ్‌సే నిండుసభలో పలికి, పిమ్మట ఆ మాటను వెనుకకు తీసికొనవలసివచ్చెను. హ్యాంప్సన్ అను వైద్యుడు యంత్రపు టూహ తనదని పత్రికలకెక్కగా డ్యూవర్ అతనితోను తగవులాడెను. ఆయన నోరు కఠినము, క్షమ తక్కువ. విశ్వామిత్రుడు వేయేండ్లు తపస్సు చేసి కూడబెట్టినది ఒక్క కోపమున ధారపోసినట్లు, డ్యూవర్ తన కష్టార్జితమును కలహములకు ఒప్పగించెను. రామ్‌సే కడకు పోక బాత్ నగరపు ఊటలనుండి వచ్చు వాయువులో హీలియమును వెదకుకొనెను. అది చాలినంత లేదు, శుద్ధమును కాదు. గొట్టములలో ఇతరవాయువులు గడ్డకట్టి త్రోవ మూసినవి.

అదే కాలమున హాలండు దేశమునందలి లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్నెస్ వేరుత్రోవ నడచెను. అతడు ప్రయోగశాల ప్రక్కనే పనిముట్లు చేయువారికిని గాజు ఊదువారికిని పాఠశాల నెలకొల్పి పనివారిని తయారు చేసికొనెను. 1908 జూలై 10వ తేదీన 75 లీటర్ల ద్రవవాయువును, 20 లీటర్ల ద్రవ ఉదజనిని సిద్ధపరచుకొని సుమారు 60 ఘనసెంటీమీటర్ల ద్రవ హీలియమును సాధించెను. చలి శూన్యమునకు దిగువ 269 డిగ్రీలు. ఆ హీలియము నిలిచినది డ్యూవర్ మాదిరి శూన్యపాత్రలోనే. దానిచుట్టును ద్రవ ఉదజని, దానిచుట్టును ద్రవవాయువు, ఒకదానిలో నొకటిగా పాత్రలు. ఓన్నెసునకు 1913లో నోబెల్ బహుమానము వచ్చెను. డ్యూవర్ పేరు పలుమార్లు సూచింపబడినను ఆయన కా గౌరవము దక్కలేదు. 1904లో సర్ బిరుదమును, 1916లో రాయల్ సొసైటీవారి కాప్లీ పతకమును లభించినవి.

హీలియము చేజారినను పాత్రకు సంబంధించిన గొప్ప మెరుగు ఆ దినములలోనే కుదిరెను. గాజుపాత్ర పెళుసు, పెద్దది చేయుటకు వీలులేదు. లోహముతో చేసినచో, లోహపు గోడలనుండి వాయువులు కొద్దికొద్దిగా ఊరి నడుమనున్న శూన్యమును చెరచును. దీనికి మందు కొబ్బరిచిప్పల బొగ్గు. ఆ బొగ్గు బాగుగ చల్లబడినప్పుడు వాయువులను ఇసుక నీటిని పీల్చినట్లు పీల్చుకొనునని డ్యూవర్ చిరకాలముక్రిందట టెయిట్ పండితునితో కలిసి చేసిన ప్రయోగములవలన ఎరుగును. 1905 ప్రాంతమున గోడల నడుమ ఖాళీలో కొంచెము బొగ్గు వేసెను. లోపల శీతలద్రవము పోయగానే బొగ్గు చల్లబడి, ఊరిన వాయువును తానే పీల్చి శూన్యమును కాపాడెను. పాత్ర తన కావలి తానే కాచుకొనుట నేర్చెను. మన యిండ్లలో పొయ్యిలో వేసి మరచిపోవు కొబ్బరిచిప్ప కింతటి పని యున్నదని ఎవరనుకొందురు! దానివలననే రాగి, ఇత్తడి, నికెలు గోళములు, సన్నని మెడ గలవి, ద్రవవాయువును మోసికొని పోవుటకు వాడుకలోనికి వచ్చినవి. ఉన్న ద్రవమునకు అతితక్కువ గోడ గల రూపము గోళమే. సన్నని మెడవెంట ప్రాకు వేడియు స్వల్పమే.

1914లో మహాయుద్ధము రాగా పనివారు చెదరిపోయిరి, ఖర్చునకు సొమ్ము కరవయ్యెను. వృద్ధుడైన డ్యూవర్ శీతయంత్రములను కట్టిపెట్టి సబ్బునీటి బుడగలను పరిశీలింపసాగెను. ధూళి సోకని గాలితో, కదలిక లేనిచోట ఊదిన పెద్దబుడగలను నెలల తరబడి పగులకుండ నిలిపెను. 1923 మార్చి 27వ తేదీన ఎనుబదియవ యేట లండనులో మరణించెను. లివింగ్ పండితునితో కలిసి కాంతిశాస్త్రమున పదుల సంఖ్యలో వ్యాసములు వ్రాసెను గాని తన శీతవిద్యను కొనసాగించు శిష్యవర్గము నాయన తయారుచేయలేదు.

పాత్ర మాత్రము పెరిగెను. నగరములకు ఇంధనవాయువును ద్రవరూపమున నిలువచేయ మొదలిడగానే క్రొత్త చిక్కు బయటపడెను: గట్టి యుక్కు సైతము మహాశీతమున గాజువలె పెళుసగును. 1944 అక్టోబరు 20వ తేదీన అమెరికాలోని క్లీవ్‌లండు నగరమున శూన్యమునకు దిగువ 162 డిగ్రీల మీథేను నింపిన తొట్టి పగిలెను. అందలి యుక్కులో నికెలు నూటికి మూడున్నర పాళ్లు మాత్రమే. ద్రవము వీధులలోను మురుగుకాలువలలోను పారి, ఆవిరియై అంటుకొని, సుమారు 130 మందిని బలిగొనెను. అప్పటినుండి అట్టి తొట్లకు లోపలిగోడను నూటికి తొమ్మిదిపాళ్లు నికెలు గల యుక్కుతోగాని, తుప్పుపట్టని యుక్కుతోగాని, అల్యూమినియముతోగాని కట్టుట, తొట్టి చుట్టును ద్రవము పారిపోకుండ కట్టలు పోయుట ఆచారమయ్యెను. మహాభాండములలో రెండు గోడల నడుమ వట్టి శూన్యమునకు మారుగా పెర్లైటు అను తెల్లని తేలికపొడి నింపి, ఆపై గాలి తీయుదురు. కిరణము ఆ రేణువులయందే చెదరిపోవును. అమెరికావారు చంద్రయాత్రకొరకు 1960 దశకమున ఫ్లారిడాలో కట్టిన ద్రవ ఉదజని గోళము ఈ మాదిరిదే. అందు పట్టు ద్రవము సుమారు 32 లక్షల లీటర్లు. 1898లో డ్యూవర్ చూచి సంతసించినది 20 ఘనసెంటీమీటర్లు.

మన తెలుగునాటను ఈ భాండములు తమ పని చేయుచున్నవి. 2021 ఏప్రిలులో కరోనా వ్యాధి విజృంభించి ఊపిరి యందక జనులు అల్లాడుచున్నప్పుడు, విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమునుండి ద్రవ ప్రాణవాయువు నింపిన జంటగోడల ట్యాంకరులు రైలుబండిపై ఎక్కి మహారాష్ట్రమునకు సాగిపోయినవి. ఆ యెండలో శూన్యమునకు దిగువ 183 డిగ్రీల ద్రవము వందలమైళ్లు నిలిచినదన్నచో గోడల నడుమనున్న యా ఖాళీయే కారణము. శ్రీహరికోటలో ద్రవ ఉదజనిని, ద్రవ ఆమ్లజనిని దాచి, అచటనుండి జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు పైయంతస్తునకు గొట్టములద్వారా పంపుదురు. ఆ గొట్టములకును జంటగోడలే. 2014 జనవరి 5వ తేదీన మన దేశమున తయారైన శీతయంత్రముతో ఆ రాకెట్టు మొదటిసారి సఫలముగా పైకెగసెను. అట్టి రాకెట్టు లేచుటకు కొలదిసేపు ముందువరకు, ఆవిరియై పోయినంత ద్రవమును భాండమునుండి తెచ్చి మరల మరల నింపుచునే యుందురు.